క్రీడా సంఘాల పదవులు మాజీ ఆటగాళ్లకే ఇవ్వాలా?

హనుమకొండ పాదచారి:
జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పొద్దున నడకకు వచ్చేవారిలో మొన్న ఒక వాదన ముదిరింది. జిల్లా క్రీడా సంఘాల పదవులు ఆట ఆడినవారికే దక్కాలని కొందరు, ఆట వేరు, పాలన వేరని మరికొందరు అన్నారు. నాది మొదటి పక్షం. నా ఉదాహరణ మన ఊరిదీ కాదు, మన పిల్లలు ఆడే ఆటా కాదు. ఇంగ్లండ్ గోల్ఫర్ మైఖేల్ బొనాలక్‌ది. ఆయన అమెచ్యూర్‌గానే, అంటే ఆటను సంపాదన చేసుకోకుండానే ఉండి, 1961, 1970 మధ్య బ్రిటిష్ అమెచ్యూర్ టైటిల్‌ను ఐదుసార్లు గెలిచారు. చివరి మూడూ వరుసగా వచ్చినవే. 1968లో గాంటన్‌లో జరిగిన ఇంగ్లిష్ అమెచ్యూర్ ఫైనల్ 36 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతలు) పోటీ, ఒక్కో హోల్‌కు గెలుపోటములు లెక్కిస్తారు. ఉదయం 18 హోల్స్ రౌండును 61 స్ట్రోకుల్లో (బంతిని కొట్టిన దెబ్బలు) ముగించిన ఆయన, మధ్యాహ్నం ఇంకా 11 హోల్స్ మిగిలి ఉండగానే, 25వ హోల్ దగ్గర గెలుపు ఖాయం చేసుకున్నారు. ఆ మనిషే 1983 నుంచి 1999 వరకు స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆర్ అండ్ ఏ అనే గోల్ఫ్ క్లబ్బు కార్యదర్శిగా బ్రిటిష్ ఓపెన్ నిర్వహణ బాధ్యత మోశారు. ఆట ఎరిగినవాడికే ఆ పని చెల్లింది.

కరీంనగర్ మాస్టారు:
పాదచారి గారూ, మీ ఉదాహరణలోనే నా అభ్యంతరం ఉన్నది. బొనాలక్ కుటుంబానిది లారీలకు బాడీలు కట్టే వ్యాపారం. బహుమతి సొమ్ము ముట్టకుండా ఏళ్ల తరబడి ఆడే తీరిక అందరి ఇండ్లలోనూ ఉండదు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి, 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తి కూలి చేసుకునే ఇంటి బిడ్డ. అటువంటివారిని రేపు జీతం లేని గౌరవ పదవిలో కూర్చోమంటే ఇల్లు ఎట్లా గడుస్తుంది?

ఇంకొక మాట. బొనాలక్ భార్య ఏంజెలా రెండుసార్లు ఇంగ్లండ్ మహిళా అమెచ్యూర్ చాంపియన్, బ్రిటన్, అమెరికా మహిళా అమెచ్యూర్ జట్ల మధ్య జరిగే కర్టిస్ కప్‌ను ఆరుసార్లు ఆడినవారు. భర్త కార్యదర్శిగా ఉన్న పదహారేండ్లూ ఆ క్లబ్బులో ఆమెకు సభ్యత్వం లేదు, ఎందుకంటే ఆడవారికి ప్రవేశమే లేదు. ఆ తలుపు తెరవడానికి 2014 దాకా పట్టింది. ఆట తెలిసినంత మాత్రాన ఎవరిని బయట నిలబెట్టామో కనబడుతుందా?

హనుమకొండ పాదచారి:
మాస్టారూ, ఏంజెలా గారి విషయంలో మీతో ఏకీభవిస్తాను. అందుకే 2025 జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సంఘాల కార్యవర్గాల్లో ఉత్తమ క్రీడాకారులతో పాటు కనీసం నలుగురు మహిళలు ఉండాలన్నది. అయినా నా పట్టు వదలను, కారణం నా ఇంటిదే. ఒక జిల్లా జట్టు ఎంపికకు మా అబ్బాయిని తీసుకుపోతే, పోటీ అయిపోయిన తర్వాత, సాయంత్రం, వయసు నిబంధన రాసిన కాగితాన్ని గేటుకు అంటించారు. ఆ సంఘంలో ఒక్కరైనా ఎన్నడన్నా ఎంపిక వరుసలో నిలబడి ఉంటే ఆ కాగితం పొద్దున్నే గేటు మీద ఉండేది.