నెల్లూరు చుట్టుపక్కల సైకిల్ మీద, కుదిరితే పడవ మీద: ఎటు పోతే బాగుంటుంది?

మాగుంట సైకిలు

అందరికీ నమస్తే. పన్నెండేళ్లు బెంగళూరులో ఉండి పోయిన సంక్రాంతికి నెల్లూరు వచ్చేశాను, ఆఫీసు పని ఇంటి నుంచే. షుగరు బార్డర్‌లో ఉందని డాక్టరు అనేసరికి సెకండ్‌హ్యాండ్‌లో గేర్ల సైకిల్ ఒకటి కొన్నాను. రోజూ తెల్లారి స్వర్ణాల చెరువు కట్ట మీదుగా దర్గా దాకా పోయి, టీ తాగి, వెనక్కి. రెండు నెలలకే బోరు కొట్టేసింది, పైగా ఈ మధ్య చెరువులో నీళ్ల కన్నా గుర్రపుడెక్కే ఎక్కువ కనిపిస్తోంది.

ఊరు దాటితే పచ్చని కయ్యలు ఉంటాయని తెలుసు, చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊరికి బస్సులో పోతూ కిటికీలోంచి చూసినవే. కానీ హైవే ఎక్కితే లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా సైకిల్ ఊగిపోతోంది. సరే ఊళ్ల మీదుగా పోదామని ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే, అది చూపించిన దారి కాలువ గట్టు దగ్గరికి తీసుకుపోయి వదిలేసింది, అవతల దారి ఉంది, మధ్యలో వంతెన లేదు.

పూటలో పోయి వచ్చేలా, నలభై కిలోమీటర్ల లోపు ఏవైనా దారులు చెప్పండి. ఇంకోటి, మా అక్క కొడుకుకి పన్నెండేళ్లు, వాడికి పడవ పిచ్చి. సైకిళ్లు పడవలో వేసుకొని అవతలి ఒడ్డుకు పోయి అక్కణ్ణుంచి తొక్కుదాం మామా అంటున్నాడు. మొదట నవ్వాను గానీ, మన దగ్గర నిజంగా అట్టాంటిది యాడైనా కుదురుతుందా? టికెట్టు కొని గుండ్రంగా తిప్పి దించే షికారు బోటు కాదు, చిన్న పడవ.

పెన్న గట్టు

హైవే బ్రిడ్జి సంగతి మర్చిపో అన్నా. రంగనాయకుల గుడి వైపు నుంచి పెన్నమీద బ్యారేజీ ఉంది గదా, 2022 సెప్టెంబర్‌లో తెరిచారు, గేట్ల మీదుగా రోడ్డు ఉంది, దాని మీద అవతలికి పోతే కోవూరు వైపు తేలతావు. అక్కణ్ణుంచి జొన్నవాడ. పోను పన్నెండు పదమూడు కిలోమీటర్లు, రాను అంతే, నీ నలభైలో మిగులుతుంది కూడా. ఐదింటికి బయల్దేరితే కామాక్షమ్మ గుడి దగ్గర ఏటి ఒడ్డున కూర్చునేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంటుంది, అవతలి ఒడ్డున నరసింహకొండ కనిపిస్తుంది. నేను ఏడాదిలో ముప్పై సార్లన్నా పోయి ఉంటాను, ఒక్కసారీ విసుగు రాలేదు. వచ్చేటప్పుడు కోవూరులో ఎర్రకారం దోసె తినకుండా రాకు, షుగరు సంగతి మరుసటి రోజు చూసుకోవచ్చు.

కాళ్లు బాగా అలవాటయ్యాక సంగం దాకా పోయి అక్కడి బ్యారేజీ మీద ఏరు దాటి పొదలకూరు రోడ్డు పట్టుకొని దక్షిణపు ఒడ్డున నెల్లూరు రావచ్చు. అది డెబ్బై ఎనభై కిలోమీటర్ల పని. మొదటి నెలలోనే పెట్టుకోవద్దు, నేను పెట్టుకొని పొదలకూరులో సైకిల్‌ని ఆటో పైన కట్టించుకొని వచ్చాను, మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు ఆ కథ చెబుతుంది.

పిల్లోడితో పోతున్నావు కాబట్టి ఒక్క మాట. పెన్నలో నీళ్లు మోకాలి లోతే గదా అని దించకు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు, ఒక అడుగు మోకాలి దాకా, తర్వాతి అడుగు మనిషి లోతు. ఏట్లో పడవ ఆలోచన కూడా వద్దు, పైన సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే ఏరు రూపమే మారిపోతుంది. 2021 నవంబర్ వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టికట్టే కొట్టుకుపోయింది, అది చూసిన వాళ్లెవరూ పెన్నని చులకనగా చూడరు.

కోవూరు కోడలు

పైన తమ్ముడు చెప్పిన దారి మంచిదే గానీ ఐదింటికి చీకట్లో బయల్దేరమనడం మగవాళ్లకు సులువు. నేను ఇద్దరం ముగ్గురం ఆడవాళ్లం కలిస్తేనే పోతాను, అదీ వెలుతురు వచ్చాకే. కుక్కలు మనిషి కంటే సైకిల్ చక్రాన్ని ఎక్కువ తరుముతాయి. తొక్కి పారిపోదామనుకుంటే ఇంకా వెంటపడతాయి, దిగి సైకిల్‌ని అడ్డం పెట్టుకొని నాలుగడుగులు నడిస్తే చాలా వరకు వదిలేస్తాయి. కృష్ణపట్నం పోర్టు వైపు రోడ్డు మాత్రం సైకిల్‌కి పనికిరాదు, ఎంత దగ్గరైనా సరే, లారీ వెనక లారీ.

కోతల టైంలో పోతే ఇంకో చిక్కుంది, ఇది ఎవరూ చెప్పరు. మార్చి, ఏప్రిల్‌లో ఊళ్ల రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటారు. అంచుకి వరసగా రాళ్లు పేరుస్తారు, బండ్లు ఎక్కకుండా. పొద్దుగూకాక కుప్ప ఎత్తేస్తారు, రాళ్లు మాత్రం అట్టాగే ఉండిపోతాయి. నా ముందు చక్రం ఒక రాయికి తగిలి మోచెయ్యి చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. పక్కింటి ముసలమ్మ పరిగెత్తుకొచ్చి పసుపు అద్దింది, రాయి నాదే అమ్మా అని ఆమే ఏడ్చింది. ఇంకేమంటాం. అప్పట్నుంచి వడ్ల పక్కన సైకిల్ దిగి నడుస్తాను. చక్రం వడ్ల మీద ఎక్కితే గింజ పగులుతుంది, వాళ్లు తిట్టరు గానీ మొహం చూస్తే తెలుస్తుంది.

ఇందుకూరుపేట దాటాక కనిపించేదంతా పచ్చదనం అనుకోకండి, చాలావరకు రొయ్యల గుంటలు. నీళ్లు చిలికే ఏరియేటర్లు గిర్రున తిరుగుతుంటే దూరానికి బాగానే ఉంటుంది, దగ్గరికి పోతే వాసన.

రిటైర్డు లస్కరు

అబ్బయ్యా, ముప్పై ఏళ్లు కాలువల మీద లస్కరుగా, అంటే తూములు చూసుకుంటూ నీళ్లు వదిలే మనిషిగా, చేసి రిటైరైన వాణ్ణి. మీ మ్యాపు కాలువ గట్టు దగ్గర ఎందుకు ఆగిపోయిందో నేను చెబుతాను. గట్లు రెండూ ఒకటి కావు. ఒక గట్టు వెడల్పు, అది మా ఆఫీసర్ల జీపు తిరగడానికి వేసిన బాట. రెండోది సన్నం, దాని మీద మనిషి, గొడ్డు తప్ప ఏదీ పోదు, తుమ్మముళ్లు కూడా ఆ వైపే. మీరు రెండో దాని మీద పడి ఉంటారు. ఎక్కే ముందు తూము దగ్గర ఆగి చూడండి, షట్టర్ తిప్పే చక్రానికి జీపు బాట ఏ వైపు నుంచి వస్తుందో ఆ గట్టే పట్టుకోండి.

పెన్నకు దక్షిణాన సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, పైన కనుపూరు కాలువ. ఉత్తరాన కనిగిరి రిజర్వాయరు, అది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, ప్రకాశం వైపు ఉన్న కనిగిరి ఊరు కాదు, ఆ పేరు విని అంత దూరమా అని అడిగిన వాళ్లున్నారు. సైకిల్‌కి నన్నడిగితే సర్వేపల్లి కాలువ గట్టు. నీడ ఉంటుంది, నీళ్ల మీది నుంచి గాలి వస్తుంది. వాన పడిన మూడు రోజుల దాకా పోవద్దు, నల్లరేగడి చక్రానికి పట్టుకుంటే సైకిల్ మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోయాలి.

ఎప్పుడు పోవాలనేది ఎవరూ అడగలేదు. మనకు పెద్ద వాన తుపాన్లతో అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో వస్తుంది, ఆ తర్వాతే పెద్ద పంటకు నాట్లు. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వస్తే గెనిమ మీద, అంటే పొలం గట్టు మీద, నిలబడి చూసినంత దూరం ఒకటే పచ్చ. మార్చికి పసుపు తిరుగుతుంది. నీళ్లిస్తే ఎండాకాలంలో ఎడగారు, అంటే రెండో పంట, వేస్తారు, అప్పుడు బయట రోళ్లు పగిలే ఎండ, కాలువ కింద మాత్రం పచ్చ. ఊరికి ఆ పేరు నెల్లు నుంచి, అంటే వడ్ల నుంచి వచ్చిందని కొందరు, నెల్లి చెట్టు, అంటే ఉసిరి, నుంచని కొందరు అంటారు. మేం మాత్రం ఇప్పటికీ ధాన్యాన్ని పుట్టిలోనే లెక్కేస్తాం, పుట్టికి 850 కిలోలు. మీ పిల్లవాడు పడవ అంటున్నాడు కాబట్టి వాడికి చెప్పండి, వేరే జిల్లాల్లో పుట్టి అంటే గుండ్రటి పడవ, మన దగ్గర పుట్టి అంటే ముందు గుర్తొచ్చేది వడ్లే.

చెరువు నిండి కలుజు, అంటే మిగులు నీళ్లు పొర్లిపోయే కట్టడం, పారేటప్పుడు చూడండి, కానీ కలుజు మీద సైకిల్ తోలవద్దు. పాచి.

సర్వి తోపు

పడవ గురించి నేను చెబుతా. మాది ఇందుకూరుపేట మండలంలో బకింగ్‌హామ్ కాలువ వెంబడి ఊరు. మా తాత ఈ కాలువ మీదే సర్వి కట్టెలు, అంటే సరుగుడు, మద్రాసుకి తోలినవాడు. గాలుంటే తెరచాప, లేకపోతే గట్టు మీద ఇద్దరు మనుషులు మోకు భుజాన వేసుకొని పడవని లాక్కుంటూ నడిచేవాళ్లట. ఆ మోకు ఒరుసుకొని తాత భుజం మీద చర్మం కాయ కట్టి ఉండేది, చిన్నప్పుడు నేను దాన్ని గిల్లితే ఆయనకు తెలిసేది కాదు. మద్రాసు దగ్గర 1806లో మొదలైన కాలువ అది, ముక్కలు ముక్కలుగా పొడిగించుకుంటూ పైన పెద్దగంజాం దాకా తెచ్చారు. మద్రాసు ఊళ్లోని ముక్కను ధాత కరువులో, 1877-78లో, కూలిపనిగా తవ్వించి అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు తగిలించారు. 2008లో జాతీయ జలమార్గం అన్నారు. మా ఊరి దగ్గర ఆ జాతీయ జలమార్గంలో బర్రెలు పడుకుంటాయి.

అయినా పడవ నడిచే ముక్కలు ఇంకా ఉన్నాయి. మైపాడు రోడ్డు పట్టుకోండి, నెల్లూరులో మైపాడు గేట్ నుంచి సముద్రం సుమారు ఇరవై ఐదు కిలోమీటర్లు, పోను రాను మీ నలభై దాటుతుంది, తిరుగు దారిలో ఎదురుగాలి లేకపోతే ఏం కాదు. సముద్రానికి ముందే కాలువ వస్తుంది. అక్కడ బోర్డు, టికెట్టు ఏవీ ఉండవు. వల సర్దుకుంటున్న మనిషిని మామా అని పలకరించి, పక్కన కూర్చొని, పని అయ్యాక అడగాలి. దిగీ దిగంగానే ఎంత తీసుకుంటావ్ అంటే తల కూడా ఎత్తరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో ఇంజన్ బోట్లకు వేట నిషేధం, ఆ రోజుల్లో మనుషులు ఒడ్డునే ఉంటారు, కాస్త తీరిక దొరుకుతుంది. ఎండ మాత్రం మీరే భరించాలి.

ఇక సైకిళ్లు పడవలో వేయడం. నేను వేశాను. రెండు సైకిళ్లు, ఇద్దరం మనుషులం, గడ వేసే మామ. సైకిల్‌ని నిలబెట్టి పట్టుకున్నాం, పడవ కదిలేసరికి అది ఒరిగి పెడల్ పోయి అడుగున చుట్టి పెట్టిన వలలో దిగింది. నేను లాగాను. లాగకూడదు. మామ గడ వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు, పడవని ఒడ్డుకు తోసి కూర్చొని పెడల్ చుట్టూ ఉన్న దారాన్ని ఒక్కో కన్నూ వేలితో, కొన్నిచోట్ల పంటితో తీశాడు. ముప్పావు గంట. ఐదారు కళ్లు అప్పటికే తెగాయి, సంచిలోంచి వల కుట్టే సూది తీసి అక్కడికక్కడే వేసుకున్నాడు. ఆ తర్వాతే అవతలికి దించాడు, డబ్బులు అంతకు ముందు అనుకున్నవే తీసుకున్నాడు. కాబట్టి పెడల్స్ విప్పి జేబులో వేసుకోండి, పదిహేను నంబర్ స్పానర్ చాలు. సైకిల్‌ని పడుకోబెట్టండి. వల ఉన్న పడవ అయితే కింద గోనెసంచి పరవండి. పిల్లోడికి లైఫ్ జాకెట్ మీరే తెచ్చుకోవాలి, అక్కడ ఉండవు. అమావాస్య, పున్నమి దగ్గర పోటు ఎక్కువ, కాలువలో నీళ్లు కూడా లాగుతాయి, ఆ రోజు వద్దని మామ అంటే బతిమాలొద్దు.

సూళ్లూరుపేట ప్యాసింజర్

పిల్లోడికి పడవ ఒక్కటే ముఖ్యమైతే సైకిల్ ఇంట్లో పెట్టి మా వైపు రండి. ఇప్పుడు తిరుపతి జిల్లా అయిపోయాం గానీ నెల్లూరు మనసే. తడ దగ్గర భీమునివారిపాలెం నుంచి పులికాట్‌లో పడవలు పోతాయి, ఇరకం దీవికి జనం రోజూ పోయేది వాటి మీదే. సరస్సు సగటున మీటరు లోతే, గడ నేలకు తగులుతుంటుంది. దారిలో నేలపట్టు చెరువులో నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, అక్టోబర్ తర్వాత రావాలి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులు పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వరు.

మాగుంట సైకిలు

అందరికీ థ్యాంక్స్. మొన్న ఆదివారం మైపాడు వైపే పోయాం. పొద్దున ఆరుకి బయల్దేరి ఇందుకూరుపేటలో పులిబొంగరాలు తిని కాలువ దగ్గరికి చేరేసరికి ఎనిమిదిన్నర. సర్వి తోపు అన్న చెప్పినట్టే కూర్చున్నాం. గంటసేపు కూర్చున్నాం. మావాడికి ఓపిక ఆగక వల మడతపెట్టడానికి పోయి అడ్డం తగిలి తిట్లు తిని, చివరికి ఒక కొస పట్టుకొనే ఉద్యోగం సంపాదించాడు. పదింటికి ఆ పెద్దాయనే లేచి, ఎక్కండి అన్నాడు. పెడల్స్ విప్పాను, కుడిది తిరగడానికీ ఎడమది తిరగడానికీ మరలు ఉల్టా ఉంటాయని తెలియక పది నిమిషాలు అక్కడే చెమటలు పట్టాయి.

దాటడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. మావాడు అవతల దిగగానే మళ్లీ ఇవతలికి పోదాం అన్నాడు, సైకిల్ తొక్కే ఊసే లేదు. మూడు సార్లు దాటించుకున్నాం.

ఒక డౌటు. చైను రెండు రోజులకే ఎర్రబడింది. నూనె వేస్తే సరిపోతుందా?

సర్వి తోపు

తుప్పు మీద నూనె పోస్తే ఏం లాభం. ముందు మంచినీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో కిరసనాయిలు కొట్టు, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్కో లింకుకి ఒక్కో చుక్క. కొబ్బరినూనె పొయ్యొద్దు, ఇసుకంతా దానికే పట్టుకుంటుంది. ఈసారి ఇంటికి రాగానే కడుగు, రెండు రోజులు ఆగొద్దు.