పాత డీజిల్ పికప్: ఐడిలింగ్‌లో వణుకు, ఘాట్‌లో గుంజుడు లేదు. హెడ్ (ఇంజన్ పై భాగం) దించకుండా తేల్చేదెట్లా?

2008 మోడల్, నాలుగు సిలిండర్లు, మెకానికల్ పంపు. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకు ఒకే పైపు నుంచి హై ప్రెషర్ డీజిల్ పోయేది) కాదు. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ, ఇంజన్ మొత్తం వణుకుతది. వేడెక్కినంక పొగ తగ్గుతది గానీ వణుకు పోదు. నల్లగొండల బత్తాయి లోడు ఎత్తి, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూర్ ఘాట్ ఎక్కితే సెకండ్ గేర్‌ల కూడా గుంజదు.

డీజిల్, ఎయిర్ ఫిల్టర్లు కొత్తవి. పంపుకు ముందు లోపల కనబడే ప్లాస్టిక్ పైపు పెట్టి చూస్తే బుడగల్లేవు, అంటే గాలి పట్టుడు కాదు. ఐడిలింగ్‌ల ఇంజెక్టర్ (సిలిండర్‌లకు డీజిల్ చల్లేది) పైపు నట్లు ఒక్కొక్కటి లూజు చేస్తే 1, 2, 4 సిలిండర్ల దగ్గర ఇంజన్ ఇంకా పడిపోతుంది, 3 దగ్గర మార్పే లేదు. (కామన్ రైల్ బండికి ఇట్ల చేయొద్దు, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలకు దూరుతది.) 3వ నట్టు దగ్గర డీజిల్ బాగనే కొడుతుంది. కొత్త వాషర్లేసి 2, 3 ఇంజెక్టర్లు మార్చినా తేడా 3లనే ఉంది. కాబట్టి నాజిల్ (ఇంజెక్టర్ కొస) కాదు, 3ల కంప్రెషనే (సిలిండర్‌ల గాలి ఒత్తిడి) తక్కువుంది.

రేడియేటర్‌ల బుడగల్లేవు, ఆయిల్ మూత తీస్తే పొగ పెద్దగ లేదు. అందుకే హెడ్ గ్యాస్కెట్, పిస్టన్ రింగుల కన్నా టాపెట్ (వాల్వ్‌ను తెరిచే భాగం) టైటై వాల్వ్ పూర్తిగ మూసుకుంటలేదని అనుమానం. టాపెట్ గ్యాప్ సెట్ చేసినంక కూడా వణికితే వాల్వ్ కాలిందనుకోవాల్నా? నల్లగొండ, మిర్యాలగూడ వైపు డీజిల్ కంప్రెషన్ గేజ్ ఎవరి దగ్గరుంది? పెట్రోల్ గేజ్ పనికిరాదు, 40 బార్ దాకా చూపేది కావాలె.