వేసవి శిబిరం: చిన్నపిల్లల బ్యాచ్‌కి ఎవరు, ఎన్ని రోజులు?

కో-ఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఈ ఏడాది మన శిబిరానికి హాలు ఖాయమైంది. మేలో రెండు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు. పెద్దపిల్లల సంగతి వేరే షీట్‌లో పెడతాను. ఇది నాలుగు నుంచి ఏడేళ్ళ వాళ్ళ గురించే.

ఒక్క మార్పు కావాలి. పోయినేడు వీలును బట్టి రోజుకొకరం వచ్చాం. ఈసారి అలా వద్దు. ఈ బ్యాచ్‌కి వచ్చేవాళ్ళు ఒక వారం అయిదు రోజులూ రావాలి, అదే ఆరుగురు పిల్లలతో ఉండాలి. అంత కుదరనివాళ్ళు టిఫిన్లు, రిజిస్ట్రేషన్ చూసుకుంటే అదీ పెద్ద సాయమే.

ఎందుకంటే, పోయినేడు ఒక అయిదేళ్ళ బాబు వచ్చాడు. మొదటిరోజు వాటర్ బాటిల్ మెడలోంచి తీయలేదు, గుమ్మం దాటి లోపలికి రాలేదు. పేరడిగితే పలకలేదు. ఏ స్కూలంటే మొహం తిప్పుకున్నాడు. ఇక అడగడం మానేసి, పక్కనే కింద కూర్చుని అష్టాచెమ్మాకి చింతగింజలు గచ్చుకేసి అరగదీస్తున్నాను. కాసేపటికి వచ్చి కూర్చున్నాడు. వేడెక్కిన గింజ నా మణికట్టుకి ఆనించుకుని "చురుక్కుమంది" అన్నాను. తన చెయ్యి చాపాడు. తర్వాత తనూ ఒక గింజ తీసుకున్నాడు. నల్లటి తోలు పోయి తెలుపు కనబడేసరికి బాటిల్ నేల మీద ఉంది.

మర్నాడు నా డ్యూటీ లేదు. "చింతగింజ అక్క ఏది?" అని అడిగి, మళ్ళీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడట. నేను శుక్రవారం వెళ్ళేసరికి జేబులోంచి నాలుగు గింజలు తీసి చూపించాడు. ఇంట్లో అరగదీసుకున్నాడు. ఆ మూడు రోజులూ వాడికి నేను బాకీ అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాలంటీర్ (మారతహళ్ళి):
అక్కా, మొదటి వారం నేను వస్తాను, ఆఫీసులో సెలవు అడిగాను. కానీ వాళ్ళమ్మ వెళ్ళగానే ఏడుపందుకునే పిల్లలంటే టెన్షన్. ఏం చెయ్యాలి?

కో-ఆర్డినేటర్:
అమ్మని చాటుగా పంపెయ్యొద్దు. చెప్పే వెళ్ళనివ్వండి. "ఏడవకూడదు" అనొద్దు. "అమ్మ కావాలనిపిస్తోందా? టిఫిన్ తిన్నాక ఒక కథ చెప్పుకుంటాం, ఆ తర్వాత అమ్మ వస్తుంది" అనండి. ఈ వయసులో పన్నెండున్నర అంటే వాళ్ళకి అర్థం కాదు, టిఫిన్ తర్వాత అంటే అవుతుంది. పక్కన కూర్చోండి, తొందరపెట్టొద్దు.

మొదటి రెండు రోజులు పాట, డాన్సు నేర్పించొద్దు. వీరీ వీరీ గుమ్మడిపండు ఆడించండి, పేర్లు వాటంతటవే వచ్చేస్తాయి. వామనగుంటలు కూడా పెడదాం. దాన్నే కన్నడంలో అళగుళి మణె అంటారు, పక్కింట్లో చూసిన పిల్లలుంటారు. వాళ్ళనే మనకి నేర్పమందాం.

ఇంకోటి, "తెలుగులో చెప్పు" అని ఎవరినీ నిలదీయొద్దు. "వాటర్ బేకు" అంటే "నీళ్ళు కావాలా, ఇదిగో" అని ఇవ్వండి. మాట వాళ్ళ చెవిన పడుతుంది, మొహం చిన్నబోదు.

కమిటీ సభ్యులు:
అమ్మా, ఆలోచన బాగుంది. అయితే చనువు పెరిగేకొద్దీ జాగ్రత్త కూడా పెరగాలి. పిల్లలు ఒళ్ళోకి వస్తారు. బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి. గింజలు ముక్కులో దూర్చుకుంటారు.

కో-ఆర్డినేటర్:
నిజమేనండీ. పెద్దవాళ్ళెవరూ ఒక పిల్లతో ఒంటరిగా, తలుపు వేసిన గదిలో ఉండకూడదు. ప్రతి గుంపుకీ ఇద్దరు. పిల్ల తనంతట వచ్చి ఆనుకుంటే సరే, మనం లాగి ముద్దుచేయొద్దు. బాత్రూమ్ విషయం తల్లిదండ్రులతో ముందే మాట్లాడదాం. వాళ్ళని అడక్కుండా ఫొటోలు తీయొద్దు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం గురించి అందరికీ ఒక అరగంట చెప్పిద్దాం, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాద్దాం. గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుందాం. నాలుగేళ్ళ వాళ్ళకి అసలు ఇవ్వొద్దు.

రెండో శుక్రవారం లాల్‌బాగ్ తోటకి వెళ్దాం. అక్కడున్న పెద్ద బండ దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిదని వాళ్ళకి చెప్తే ఎంత ఎక్కుతుందో గానీ, చెయ్యి పెట్టి తడమడం మాత్రం వదలరు. మధ్యాహ్నం వాన పడొచ్చు, పన్నెండుకల్లా తిరిగొచ్చేద్దాం.

శిబిరం అయిపోతోందని బుధవారం నుంచే చెప్పడం మొదలుపెట్టండి. ఆఖరిరోజు గేటు దగ్గర హఠాత్తుగా తెలియకూడదు.

వాలంటీర్ (వైట్‌ఫీల్డ్):
రెండో వారం నాకు రాయండి అక్కా. గచ్చు గరుకుగా ఉన్నది వరండాలోనే. అక్కడ చాపలు వేయిస్తాను, అరగదీసేందుకు గోడవైపు కొంచెం జాగా వదిలి.