సమస్య: “గుండె లేనివాని గుండె పగిలె”

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చిన పాదం ఆటవెలదిలో నాలుగోది. విషయం నార్వే జానపద కథల్లోని ట్రోల్ అనే వింతజీవి. కథ అక్కడే జరగాలి, మన నల్లమలకు తీసుకురావద్దు. ‘రాక్షసుడు’ అన్న మాట కూడా వద్దని నా మనవి. రాక్షసుడికి వంశం, తపస్సు, వరం, శాపం ఉంటాయి. ట్రోల్‌కి ఉన్నది కొండ, అడవి, చీకటి. అంతే. ఆ మాట పాతకాలంలో ఒక్క జీవికే పేరు కాదు. మంత్రగత్తెనూ, కొండమనిషినీ, దయ్యాన్నీ కూడా అలాగే పిలిచారు. నార్వే భాషలో మంత్రవిద్యను ఈనాటికీ ‘ట్రోల్‌డోమ్’ అనే అంటారు.

సభ్యుడు, తణుకు:

సరసు నడుమ దీవి చర్చిలో నొక నుయ్యి
బాతు నూతిలోన, బాతు గుడ్డు
గుడ్డులోన గుండె, కుర్రవాఁ డది నొక్క
గుండె లేనివాని గుండె పగిలె.

నార్వే జానపద కథలు సేకరించిన ఆస్బ్యోర్న్‌సెన్, మూ ఇద్దరూ 1841 నుంచి విడతలుగా అచ్చు వేయించిన కథల్లో ‘ఒంట్లో గుండె లేని మహాకాయుడి’ కథ ఇది. చదువుతుంటే చిన్నప్పుడు విన్న మాయల ఫకీరు, చిలుకలో వాడి ప్రాణం గుర్తొచ్చాయి.

నిర్వాహకుడు: సమస్య విడిపోయిన తీరు బాగుంది. కథలో గుండె చోటు చెప్పే మాటలు కూడా ఇలాగే ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. మీ పద్యం ఆ నడకను పట్టింది. ఫకీరు పోలిక నిజమైనదే. జానపద విద్వాంసులు ప్రాణాన్ని ఒంటి బయట దాచుకునే ఇలాంటి కథలన్నిటినీ తమ కథల వర్గీకరణలో 302వ రకం కింద ఒకేచోట చేర్చారు. ఒక్క లోపం: చర్చి ఉన్నది దీవి మీద అన్న సంబంధం మొదటి పాదంలో తెగింది.

సభ్యురాలు, బెర్గెన్: నాకు వేరే చోట గుచ్చుకుంటోందండీ. ఆ మహాకాయుడి ఇంట్లో ఉన్న రాకుమారి వాడిని గుండె ఎక్కడుందని అడిగితే మొదట గడప కింద అంటాడు. ఆమె గడపంతా పూలు పరుస్తుంది. అబద్ధమని తేలాక మళ్లీ అడిగితే అలమరలో అంటాడు. దానికీ పూలు పెడుతుంది. అంత మక్కువ చూసి చివరికి అసలు చోటు చెప్పేస్తాడు. పూలకు కరిగినవాడిని గుండె లేనివాడని ఎలా అంటాం? పైగా రాకుమారుడు గుడ్డు నొక్కగానే వాడు ప్రాణభిక్ష అడుగుతాడు. తాను రాళ్లుగా మార్చిన ఆ రాకుమారుడి ఆరుగురు అన్నల్నీ వాళ్ల పెళ్లికూతుళ్లనూ మళ్లీ మనుషుల్ని చేస్తాడు. ఆ తర్వాత కూడా గుడ్డు చితుకుతుంది. “కుర్రవాఁ డది నొక్క” అన్న చోట ఆ రెండో నొక్కుడు బరువు నాకు వినపడలేదు.

తణుకు సభ్యుడు: ఒప్పుకుంటున్నానమ్మా. కథ చదివేటప్పుడు, రాకుమారుడికి సాయపడే తోడేలు గుడ్డు నొక్కమని చెప్పిన మాట మీదే నా మనసు నిలిచింది. వాడి వైపు నుంచి చూడలేదు.

సభ్యుడు, సిద్దిపేట:

పొద్దు పొడుపు దాఁక పోరు మాటలలోన
మునిగి యున్న కొండమూర్తి మీఁద
వెలుఁగు సోకినంతఁ బెద్దబండగ మారె
గుండె లేనివాని గుండె పగిలె.

అదే సంపుటిలోని ‘హెర్రెపేర్’ అనే కథలో పిల్లి ట్రోల్‌ను కోట గుమ్మం దగ్గర మాటల్లో పెట్టి తెల్లవారేదాకా ఆపుతుంది కదా, దాన్ని పట్టుకున్న.

నిర్వాహకుడు: ఎంచుకున్న కథ చాలా మంచిది, మాటలు మాత్రం దానికి దూరమయ్యాయి. పిల్లి పోరు పెట్టుకోదు. రై పంట సాగు దున్నడం దగ్గర్నుంచి ఒక్కో పనీ సాగదీసి చెబుతుంది. వెనక అందమైన పిల్ల ఉంది చూడమంటుంది. ట్రోల్ తిరిగి చూస్తే సూర్యుడు! వాడు అక్కడికక్కడే పగిలిపోతాడు, బండగా మారడు. బండగా మారడం ఎక్కువగా ఊళ్లలో ఫలానా కొండ గురించి చెప్పుకునే ఐతిహ్యాల్లో వస్తుంది. ఇక ‘కొండమూర్తి’ అంటే తెలుగువాడి కంటికి ఏడుకొండలవాడే కనబడతాడు, ఆ మాట తీసేయక తప్పదు. ఇలా మార్చి చూడండి:

పొద్దు పొడుపు దాఁక పొడవాటి కథలోన
మునిగి యున్న కొండభూతముపయి
వెలుఁగు సోకినంత వేయి తునుకలయి
గుండె లేనివాని గుండె పగిలె.

రెండో పాదంలో ‘ము’కు ‘భూ’తో యతి చెల్లుతుంది.

సిద్దిపేట సభ్యుడు: ‘పొడవాటి కథలోన మునిగి’ అన్నంక పిల్లి పేరు చెప్పకున్నా పిల్లి కనబడుతుంది సార్. తీసుకుంటున్న.

సభ్యుడు, మైసూరు:

రాయి యనుచు జున్ను రసము కారఁగఁ బిండఁ
జిన్నవాని చేవ చెంతఁ జూచి
కొండయంత వాఁడు గొయ్యబాఱెను లోన
గుండె లేనివాని గుండె పగిలె.

ఇక్కడ గుండె అంటే ధైర్యం. అడవిలో ట్రోల్ ఎదురైతే ఆస్కెలాడెన్ అనే కుర్రాడు సంచిలోంచి జున్నుగడ్డ తీసి, తెల్లరాయిని పిండుతున్నానంటాడు.

నిర్వాహకుడు: అర్థం మార్చి విప్పడం అందంగా ఉంది. ‘చెంతఁ జూచి’ యతి కోసం వచ్చింది, కథకు పనికిరాదు. ‘చేవ సిసలె యనుచు’ అంటే యతీ నిలుస్తుంది, మోసమూ తెలుస్తుంది. ఈ కథల్లో ట్రోల్‌కి ఉన్న పని ఇదే అని నా నమ్మకం. వాడు ఉండేది పెద్దగా, బలంగా, సంపన్నంగా. ఎదురు నిలిచేది పొయ్యి దగ్గర బూడిద కెలుక్కునే ఆఖరి కొడుకు. ఆ తర్వాత ట్రోల్‌తో వేసిన తిండి పందెంలో గెలిచాక ఆ కుర్రాడు కొండలోని వెండి బంగారాలతో తండ్రి అప్పు తీరుస్తాడు. అప్పుల్లో కూరుకున్న రైతు ఇంట్లో ఈ కథ ఎందుకు చెప్పుకున్నారో వేరే వివరించాలా?

కొత్త సభ్యురాలు, హ్యూస్టన్: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.

లోయలోన చర్చి గంటలు మోగఁగాఁ
గొండ విడిచె ట్రోలు కుమిలి కుమిలి
తాత లిచ్చినట్టి తావు దూరము గాఁగ
గుండె లేనివాని గుండె పగిలె.

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పాదంలో ‘లో’కు ‘గం’తో యతి కుదరలేదు. “గట్టు దిగువఁ జర్చి గంటలు మోగఁగా” అంటే సరిపోతుంది. రెండో పాదం జోలికి నేను వెళ్లను. ‘ట్రోలు’ అన్న మాట సూర్యగణంలో ఇంత ఒద్దికగా కూర్చుంటుందని మీ పద్యం చూశాకే తెలిసింది.

బెర్గెన్ సభ్యురాలు: గంటల మోత ఓర్వలేక ట్రోల్‌లు చర్చి మీదికి బండలు విసిరారని ఇక్కడ చాలా ఊళ్లలో చెబుతారు. పొలంలో ఒంటరిగా పెద్ద బండ ఉంటే అలా వచ్చి పడిందే అంటారు. క్రైస్తవుడి నెత్తుటి వాసన వస్తోందని ట్రోల్ అరిచే చోట మన కథల్లోని ‘నరవాసన’ గుర్తొచ్చి ఇన్నాళ్లూ నవ్వుకునేదాన్ని. ఈ పద్యం చదివాక ఆ అరుపులో భయం కూడా వినిపిస్తోంది. కొత్త మతం వచ్చింది, కొండలు పాతవాళ్లకు దక్కలేదు. మీరు మొదటి పాదం దిద్దుకుని మళ్లీ పెట్టండి, నేను దాచుకుంటాను.

హ్యూస్టన్ సభ్యురాలు:

గట్టు దిగువఁ జర్చి గంటలు మోగఁగాఁ
గొండ విడిచె ట్రోలు కుమిలి కుమిలి
తాత లిచ్చినట్టి తావు దూరము గాఁగ
గుండె లేనివాని గుండె పగిలె.