ఆనప పిందె నిలవడం లేదు, సీతాకోకచిలుకలూ రావడం లేదు. ఏం చేయమంటారు?

ప్రశ్న (పాలకొల్లు దగ్గర పల్లె నుంచి)

అందరికీ నమస్కారమండి. మా దొడ్డిలో రెండు ఆనప పాదులు, ఒక బీర పాదు, ఒక గుమ్మడి ఉన్నాయి. పందిరి నిండా పూత. పిందె కూడా పడుతోంది. కానీ చిటికెన వేలంత అయ్యేసరికి పసుపు రంగుకి తిరిగి, ముడుచుకుపోయి రాలిపోతోంది. నెల రోజుల్లో చేతికొచ్చినవి రెండే కాయలు. బలం చాల్లేదేమోనని పశువుల ఎరువు వేశాను. తేడా ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా అడగాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ దొడ్డిలో నూరువరహాల చెట్టు మీద ఎప్పుడు చూసినా నాలుగైదు సీతాకోకచిలుకలు ఉండేవి. మొన్న మా పాప బొమ్మ గీస్తూ "అమ్మా, సీతాకోకచిలుకకి కాళ్లెన్ని?" అంది. చూపిద్దామని బయటికి తీసుకెళ్తే అరగంట నిలబడ్డా ఒక్కటీ రాలేదు. కార్తీక మాసంలో కూడా రాకపోతే ఎలాగండి? మనసుకి చాలా కష్టంగా అనిపించింది.

జవాబు (తణుకు నుంచి)

ముందు రాలిన పిందెల్ని చాకుతో కోసి చూడండి. పైన సూదితో పొడిచినట్టు చుక్క ఉండి, అక్కడ జిగురు కారి, లోపల తెల్లటి బుల్లి పురుగులుంటే అది పండు ఈగ పని. దానికి ఈగని రప్పించే క్యూలూర్ అనే ఎర పెట్టిన డబ్బా పందిరికి వేలాడదీయాలి, పిందెకి కాగితం సంచి తొడగాలి. చుక్కా లేక, పురుగూ లేక, పువ్వు ఉన్న కొస నుంచి పసుపుబారుతూ వస్తే మాత్రం పుప్పొడి అందలేదని అర్థం. అది ఎరువుతో బాగయ్యేది కాదు.

ప్రశ్న అడిగినవారు

కోసి చూశానండి. ఎనిమిదింటిలో ఒక్కదానిలోనే పురుగుంది. మిగతా ఏడూ మీరన్నట్టు కొస నుంచి ఎండినవే. మరి తేనెటీగలు ఎందుకు రావడం లేదు? దొడ్డిలో మందులు పెద్దగా వాడం. కరివేపాకుని పురుగు తినేస్తోందని, చేలో కొట్టగా మిగిలిన మందు నెలకోసారి మావారు కొడతారు. కొబ్బరికి తెల్లదోమ వచ్చినప్పుడు రెండుసార్లు కొట్టించాం. అంతే.

జవాబు (అంబాజీపేట దగ్గర నుంచి)

అమ్మా, మీ పాప చూడాలనుకున్న సీతాకోకచిలుక మీ కరివేపాకు చెట్టు మీదే ఉంది. మీవారు పురుగు అనుకుని మందు కొడుతున్నది దానికే.

రేపు పొద్దున్నే లేత చిగుళ్లు తిప్పి చూడండి. ఆవగింజకన్నా చిన్నగా, లేత పసుపు రంగులో గుండ్రటి గుడ్లు ఒక్కొక్కటిగా అంటుకుని ఉంటాయి. అందులోంచి వచ్చిన పిల్ల మొదట్లో అచ్చం పిట్టరెట్టలా, నల్లగా, మధ్యలో తెల్ల మచ్చతో ఉంటుంది. పిట్టలు రెట్ట అనుకుని వదిలేస్తాయి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తోసి ఘాటు వాసన వదులుతుంది. అది కుట్టదు, దురదా పుట్టదు. పాప చేత కూడా తాకించవచ్చు. అది లైమ్ బటర్‌ఫ్లై పిల్ల. నల్ల రెక్కల కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక కూడా ఇక్కడే గుడ్లు పెడుతుంది. నిమ్మ, కరివేపాకు, మారేడు లాంటి ఒకే కుటుంబం ఆకులు తప్ప ఈ పిల్లలు వేరేవి తినలేవు. గుడ్డు నుంచి రెక్కలు విప్పేదాకా సుమారు నెల పడుతుంది. మీ ఇంట్లో మందు కొట్టేది కూడా నెలకోసారే. ఇక ఏ ఒక్కటీ ఎగిరే రోజుదాకా బతకదు కదమ్మా.

ఇది నేనూ చేసిన తప్పే. మందుల కొట్టులో ఇచ్చిన వరి మందు ఏళ్లతరబడి కరివేపాకుకి కొట్టి, ఆ ఆకే పప్పులో వేసుకున్నాం. తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు‌ని కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ లాంటి పురుగుమందులు మొక్క లోపలికి ఎక్కి పువ్వులోని తేనెలోకి, పుప్పొడిలోకి కూడా చేరతాయి. తేనెటీగల కోసమే యూరప్ దేశాలు 2018లో ఈ రెంటినీ ఆరుబయట పంటల మీద ఆపేశాయి. చేలో మిగిలిన సీసా దొడ్డిలోకి తేవద్దని మీవారికి నా మాటగా చెప్పండి.

కొబ్బరి తెల్లదోమకి కూడా మందు దారి కాదు. ఆకు అడుగు భాగానికి తగిలేలా పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. మందు కొడితే ముందు పోయేది అదే.

ఇక కాయ సంగతి. ఈ సీజన్‌కి మీ చేతులే తేనెటీగలు. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆరు దాటాక మగ పువ్వు ఒకటి కోయండి. సన్నటి పొడవాటి కాడ ఉంటుంది, అడుగున పిందె ఉండదు. రేకులు ఒలిచేస్తే మధ్యలో పసుపు పొడి అంటుకుని ఉన్న భాగం మిగులుతుంది. ఆడ పువ్వు మధ్యలో మూడు పాయలుగా జిగురు జిగురుగా ఉన్న బొడిపె మీద దాన్ని మెల్లగా అద్దండి. మూడు పాయలకీ అంటాలి. ఒక పక్కే అంటితే కాయ వంకర తిరుగుతుంది. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకి సరిపోతుంది. అద్దినదానికి దారం ముక్క కట్టుకోండి, గుర్తుంటుంది. నాలుగైదు రోజులకి పిందె నిగనిగలాడుతూ కిందికి వంగితే నిలిచినట్టే. బీరకీ సాయంత్రమే. గుమ్మడికి మాత్రం తెల్లవారాక, ఎనిమిదిలోపు చేయాలి.

మందు సాయంత్రం కొడితే తేనెటీగలకి ఏమీ కాదని చాలామంది చెబుతారు. గుమ్మడికీ కాకరకీ ఆ మాట కొంతవరకు నిజం. ఆనప, బీర, పొట్ల పాదుల దగ్గర అది పనికిరాదు. వాటి పువ్వులు విచ్చేదే సాయంత్రం, వాటి మీదికి రాత్రి చిమ్మటలు వస్తాయి. పందిరి పక్కన రాత్రంతా లైటు వెలుగుతుంటే ఆర్పేయండి. లేకపోతే చిమ్మటలు పువ్వు వదిలేసి లైటు చుట్టూ తిరుగుతాయి.

జవాబు (భీమవరం నుంచి)

మాస్టారూ, మా చుట్టూ అన్నీ చేపల చెరువులే. ఒకప్పటి వరి గట్ల మీద తుమ్మి, గడ్డి చామంతి, వాయింట ఉండేవి. ఇప్పుడు గట్టు మిగిలినచోట కూడా గడ్డి మందు కొడుతున్నారు. కాలువ గట్టూ అంతే. ఊరంతా ఇలా ఉంటే మన ఒక్క దొడ్డితో ఏమవుతుందండి?

జవాబు (అంబాజీపేట దగ్గర నుంచి)

మీ బాధ నాకు తెలుసు బాబూ. కానీ కుట్టని బుల్లి తేనెటీగలు ఉంటాయి చూడండి, గోడ పగుళ్లలో మైనపు గొట్టం లాంటి వాకిలి కట్టుకుంటాయి, అవి గూటి నుంచి కొన్ని వందల మీటర్లు మించి పోవు. మీ దొడ్డి, పక్కింటి దొడ్డి కలిస్తే అదే వాటి లోకం. అక్కడ పువ్వుంటే అవి బతుకుతాయి.

తుమ్మెదలకైతే పువ్వుతో పాటు ఇల్లు కూడా కావాలి. ఎండిన కొమ్మకో పాత వెదురు గడకో గుండ్రంగా తొలిచి అందులో పిల్లల్ని పెడతాయి. మనం శుభ్రం అంటూ ఎండు కొమ్మ కనబడితే పొయ్యిలో పెట్టేస్తాం. నేలలో గూడు చేసుకునే తేనెటీగలూ ఉన్నాయి. దొడ్డంతా సిమెంటు చేస్తే వాటికి జానెడు మట్టి దొరకదు. ఓ మూల ఎండ తగిలేచోట ఖాళీ నేల వదలండి.

నర్సరీకి వెళ్తే ముద్ద పువ్వుల మీదకి చూపు పోతుంది. ముద్ద మందారం, ముద్ద బంతి కంటికి బాగుంటాయి గానీ పురుగుకి లోపలికి దారి దొరకదు. రేక మందారం, రేక బంతి తెచ్చుకోండి. తులసిని వెన్ను రాగానే తుంచేయకుండా రెండు కొమ్మలు పూయనివ్వండి. పొద్దున పదింటికి దాని దగ్గర నిలబడితే ఎన్ని రకాలు వస్తాయో మీకే తెలుస్తుంది.

జవాబు (రావులపాలెం నుంచి)

మాది కొబ్బరిలో కోకో. కోకో పువ్వుకి పుప్పొడి మోసేది తేనెటీగ కాదండి, దోమకన్నా చిన్న ఈగ. అది కుళ్లిన ఆకుల్లో, తడిసిన కోకో తొక్కల్లో పెరుగుతుంది. చెట్ల కింద ఆకు ఊడ్చి తగలబెట్టకండి. దొడ్డిలో రెండు చెట్లున్నా ఇంతే.

ప్రశ్న అడిగినవారు

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. పిట్టరెట్టలా ఉన్నవి మూడు, ఆకుపచ్చవి రెండు ఉన్నాయి. పాప తాకితే కొమ్ములు వచ్చాయి, అరిచి చప్పట్లు కొట్టింది. మావారు కూడా వచ్చి చూసి, మందు ఇంక కొట్టనన్నారు. కానీ కరివేపాకు మొక్క నడుమెత్తే ఉంది, మొత్తం తినేస్తే చచ్చిపోదా? జిల్లేడు వేస్తే ఇంకో రకం వస్తుందట, ఎవరో చెప్పారు. మా అత్తగారు ఇంట్లో జిల్లేడు వద్దంటున్నారు.

జవాబు (అంబాజీపేట దగ్గర నుంచి)

ఆకులు పోయినా వేరు బాగుంటే మళ్లీ చిగురేస్తుంది. లేత మొక్క అయితే సగం కొమ్మలకి పాత దోమతెర కట్టి మీకు ఉంచుకోండి, మిగతా సగం వాటికి వదలండి. ఎక్కువైతే ఆకుతో సహా తుంచి నిమ్మ చెట్టు మీద పెట్టండి. పురుగుని లాగకండి, కాళ్లు తెగుతాయి.

జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. అత్తగారికి ఇష్టం లేకపోతే కంచె అవతల ఉన్నదాన్ని నరకకుండా ఉంచితే చాలు. తెల్ల జిల్లేడు వినాయకుడికి ప్రీతి కాబట్టి దానికైతే ఒప్పుకోవచ్చు. పాలు కంట్లో పడితే ప్రమాదం, పాపని దగ్గరికి పోనివ్వకండి. జిల్లేడు కుదరకపోతే ఆముదం ఉంది, రేల ఉంది. ఒక్కోదానికి ఒక్కో రకం వస్తుంది.

నీళ్ల కుళాయి దగ్గర ఓ పళ్లెంలో తడి మన్ను, చిటికెడు ఉప్పు పెట్టండి. మగ సీతాకోకచిలుకలు ఉప్పు కోసం బురద మీద వాలతాయి. మిగలపండిన చక్రకేళి పండు చెట్టు కింద వేసి చూడండి, గోధుమరంగు రకాలు దాని మీదికి వస్తాయి.

ఇంకో పని కూడా చేయండి. వారానికి ఒకరోజు, ఎండ వచ్చాక, ఒకేచోట పావుగంట కూర్చుని పాప చేత ఎన్ని వచ్చాయో నోటుబుక్కులో రాయించండి. ఎండాకాలంలో తగ్గుతాయి, అది మామూలే. ఈ కార్తీకాన్ని వచ్చే కార్తీకంతో పోల్చుకోవాలి. సెప్టెంబరులో దేశమంతా బిగ్ బటర్‌ఫ్లై మంత్ అని సీతాకోకచిలుకల్ని లెక్కపెడతారు. అప్పటికి మీ పాప చేయి తిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

దారం కట్టిన ఆరు పిందెల్లో నాలుగు నిలిచాయండి. ఒకటి నిన్న కోసి కూర వండాను. ఆకుపచ్చ పురుగులు రెండూ గోడ పక్క పుల్లకి ప్యూపాలు కట్టుకున్నాయి. ఒకదానికి బుల్లి రంధ్రం పడి లోపల ఏమీ మిగల్లేదు, దానికి పాప ఏడ్చింది. రెండోది ఇవాళ పొద్దున ఏడున్నరకి పగిలింది. రెక్కలు తడి గుడ్డలా వేలాడుతుంటే భయపడ్డాం. పుల్లని పట్టుకుని గంటసేపు అలాగే వేలాడింది. నల్ల రెక్కల మీద పసుపు మచ్చలు మెల్లగా విచ్చుకున్నాయి. స్కూలు ఆటో హారన్ కొడుతున్నా పాప కదల్లేదు. ముక్కు దానికి ఆనించినంత దగ్గరగా కూర్చుని వేలితో గాల్లోనే లెక్కపెట్టి, "ఆరమ్మా" అంది.