అప్‌డేట్: పాత స్విఫ్ట్‌లో సౌండ్ మార్చేశాం

మా 2009 స్విఫ్ట్‌లో వాల్యూమ్ పెంచగానే డోర్లు గడగడమంటున్నాయి, స్పీకర్లు మార్చాలా, సబ్‌వూఫర్ పెట్టాలా అని అడిగాను కదా, మీలో చాలామంది ముందు డోర్ల సంగతి చూడమన్నారు, అదే చేయించాను. బెంగళూరు జేసీ రోడ్‌లో డోర్ ప్యాడ్లు విప్పించి, రేకుకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు అతికించి, ముందువైపు 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (సన్న శబ్దాలకు ట్వీటర్ విడిగా వచ్చేవి) బిగించారు. తేడా మామూలుగా లేదండీ! బాలుగారి గొంతు డ్యాష్‌బోర్డు మీద నుంచి వస్తున్నట్టుంది, తబలా దెబ్బ విడిగా వినపడుతోంది.

వెనక స్పీకర్లు ముట్టుకోలేదు.

యాంప్ (స్పీకర్లకు పవర్ పెంచి ఇచ్చే యాంప్లిఫయర్) కొనేవాళ్లు డబ్బా మీద పెద్దగా వేసే పీక్ వాట్లు పట్టించుకోకండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) చూడండి. యాంప్ పవర్ వైరుకు వేసే ఫ్యూజు మాత్రం బ్యాటరీ పక్కనే ఉండాలి, దూరంగా పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయితే మంటలే, ఈ ఒక్కదాంట్లో ఎవరి మాటా వినొద్దు. యాక్సిలరేటర్‌తో పాటు స్పీకర్లలో పెరిగే కూత రాకుండా పవర్ వైరు ఒకవైపు, స్టీరియో నుంచి యాంప్‌కు పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లు రెండోవైపు లాగించాను, ఎర్త్ వైరును పెయింట్ గీకిన రేకుకు బిగించారు.

హై పాస్ (లోతైన బేస్ స్పీకర్లకు వెళ్లకుండా ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. సబ్‌వూఫర్ ఇప్పట్లో అక్కర్లేదు. షీట్లు వేయించేటప్పుడు డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి.