47 ఏళ్ళకే ఉద్యోగం మానేసి తెనాలి వెళ్ళిపోదామనుకుంటున్నా, నెలకి 45 వేలు చాలు అంటోంది నా లెక్క, ఎక్కడ తప్పుతోందో చెప్పండి

మూడో_అంతస్తు:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, కాస్త పెద్దదైంది, ఏమనుకోకండి. నాకు 47, మా ఆవిడకి 43, పాప ఇంటర్ ఫస్టియర్. హైదరాబాద్‌లో 22 ఏళ్ళుగా ఐటీ ఉద్యోగం, ఈ రెండేళ్ళలో మా టీమ్‌లో మూడుసార్లు మనుషుల్ని తీసేశారు, నా వంతు వచ్చేదాకా కూర్చోడం కంటే నేనే దండం పెట్టి బయటికొచ్చేద్దామని ఉంది. తెనాలిలో నాన్నగారు కట్టించిన ఇల్లుంది, అమ్మ (72) ఒక్కతే ఉంటోంది, కాబట్టి అద్దె బెడద లేదు.

ఉన్నదంతా చెప్తా. ఎఫ్‌డీలు 35 లక్షలు, పీఎఫ్ 42, మ్యూచువల్ ఫండ్స్ 38, మొత్తం కోటీ 15 లక్షలు. నిజాంపేట ఫ్లాట్ లోన్ తీరిపోయింది, అద్దెకిస్తే 21 వేలు వస్తుందంటున్నారు. 80 సెంట్ల పొలం ఉంది, ఆ కౌలు డబ్బులు అమ్మ చేతికే పోతాయి, అది లెక్కలో వెయ్యట్లేదు. అప్పుల్లేవు.

ఖర్చు నెలకి 45 వేలు అనుకున్నా. మొత్తం తీసి ఎఫ్‌డీలో 7 శాతానికి పడేస్తే ఏడాదికి 8 లక్షల పైనే, అంటే నెలకి 67 వేలు, ఇంకా 22 వేలు మిగులుతోంది, ఆ పైన అద్దె. ఇంత ఈజీ అయితే ఇంతమంది ఇంకా ఎందుకు పొద్దున్నే ట్రాఫిక్‌లో చస్తున్నారు అని నాకే డౌటొచ్చి ఇక్కడ అడుగుతున్నా. మా బావమరిదేమో "ఎఫ్‌డీ ఎందుకు బావా, ఓ ఇరవై లక్షలు రెండు రూపాయల వడ్డీకి తిప్పు, దాంట్లోనే నెలకి 40 వేలు" అంటున్నాడు. చెప్పండి.

గోదారిగట్టు:

మీ లెక్కలో తప్పు లేదండీ, కాకపోతే అది ఒక్క ఏడాది లెక్క. నేను 2016లో 48 ఏళ్ళకి మానేసి రాజమండ్రి వచ్చేశా, అచ్చం మీలాగే దాదాపు మొత్తం ఎఫ్‌డీల్లో పెట్టా. మొదటి నాలుగేళ్ళు రాజాలాగా గడిచింది. 2020లో రెన్యువల్‌కి పాత బాండు పట్టుకుని బ్యాంకుకెళ్తే కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ చూసి "అంకుల్, ఇప్పుడు అయిదూ పాయింట్ నాలుగు" అంది. నేను అదేదో మూణ్ణెల్ల రేటు చెప్తోందనుకుని లేదమ్మా నాకు అయిదేళ్ళకి కావాలి అన్నా, అదే అంకుల్ అయిదేళ్ళదే అంది. అసలు అంతే ఉంది, నెలకొచ్చేది మాత్రం దాదాపు పాతిక శాతం తగ్గింది, సరిగ్గా ఆ తర్వాతే సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ నూట ఎనభై దాటింది. ఆ రెండేళ్ళు మా ఆవిడ పోపులో నూనె చెంచాతో కొలిచింది, జోక్ కాదు.

మీ 45 వేలు ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే మీకు 59 వచ్చేసరికి 90 వేలు, 71కి లక్షా 80 వేలు. వడ్డీ మొత్తం తినేస్తూ ఉంటే అసలు ఆ కోటీ 15 దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు 67 వేలతో ఏం చేస్తారు? కాబట్టి ఇప్పుడు మిగిలేదాన్ని మిగులు అనుకోకండి, అది మీ 70వ ఏటి బియ్యం బస్తా.

నెల ఆదాయానికి నేనైతే ముందు పోస్టాఫీసు ఎమ్ఐఎస్ (నెలనెలా వడ్డీ ఇచ్చే స్కీమ్) చెప్తా, జాయింటుగా 15 లక్షల దాకా వెయ్యొచ్చు, ఇప్పుడున్న 7.4 మీద నెలకి 9,250 వస్తుంది, ఆ రేటు అయిదేళ్ళు మారదు. ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ బాండ్లు 8.05 ఇస్తున్నాయి, కానీ వడ్డీ జనవరి ఒకటికీ జులై ఒకటికీ మాత్రమే, ఏడేళ్ళు అసలు ముట్టుకోలేరు, రేటు ఆర్నెల్లకోసారి మారొచ్చు. సీనియర్ సిటిజన్ స్కీమ్ మీకు రాదు, రిజైన్ చేసిన 47 ఏళ్ళవాళ్ళకి అది లేదు. అమ్మగారి పేరు మీద 30 లక్షల దాకా పెట్టొచ్చు, 8.2 అంటే మూణ్ణెల్లకి 61,500. అమ్మకిచ్చిన డబ్బు మీద వడ్డీ మీ ఆదాయంలో కలవదు, భార్యకిస్తే మాత్రం కలుస్తుంది, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కాకపోతే ఒక మాట, మీకు అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉంటే అమ్మగారి చేత వీలునామా రాయించకుండా ఈ పని చెయ్యకండి. నామినీగా మీ పేరున్నా ఆ డబ్బు వారసులందరిదీ. మా ఇంట్లో 12 లక్షల దగ్గర మాటల్లేకుండా పోయాయి.

పీఎఫ్ హడావుడిగా తీసెయ్యకండి. మానేసినా 58 దాకా వడ్డీ పడుతూనే ఉంటుంది, 2024-25కి 8.25 ఇచ్చారు, ఏ ఎఫ్‌డీ ఇస్తుంది చెప్పండి? మానేశాక వచ్చే వడ్డీ ఆదాయంగా చూపించాలి, అంతే, కొత్త రెజీమ్‌లో 12 లక్షల లోపు మీకెలాగూ టాక్స్ పడదు.

ఐపీ_బాధితుడు:

బావమరిది మాట గురించే చెప్తా, మిగతాది పెద్దలు చూసుకుంటారు. మా నాన్న రిటైరైన డబ్బులో 14 లక్షలు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాడు, ఇద్దరికి, ఇద్దరూ తెలిసినవాళ్ళే, తెలిసినవాళ్ళకి కాక తెలియనివాళ్ళకి ఎవరిస్తారు. ఏడాదిన్నర వడ్డీ ఒకటో తారీకున ఇంటికొచ్చి ఇచ్చారు, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. తర్వాత ఒకాయన ఎరువుల కొట్టు మూసి ఐపీ పెట్టేశాడు. రెండో ఆయన ఇవాళా రేపూ అంటూ తిప్పాడు, నాన్న మొహమాటంతో అడక్కుండా ఊరుకున్నాడు, లాయరు దగ్గరికి నోటు పట్టుకెళ్తే మూడేళ్ళు దాటి రెండు నెలలైంది, నోటు వెనక చెల్లు వేయించారా అన్నాడు. చెల్లా? అంటే బాకీలో కొంత కట్టినట్టు అప్పు తీసుకున్నవాడే నోటు వెనక తారీకు వేసి సంతకం పెట్టడం, అక్కణ్ణించి మూడేళ్ళ గడువు మళ్ళీ మొదలవుతుంది. నాన్నకి ఆ మాటే తెలీదు. 24 శాతం కట్టి మరీ అప్పు తీసుకుంటున్నాడంటే వాడికి 10 శాతానికి ఏ బ్యాంకూ ఇవ్వలేదనే కదా అర్థం. ఇది ముందే తట్టుంటే బాగుండేది.

ఓరుగల్లు_వదిన:

అన్నా, మాది హన్మకొండ. మా ఆయన 2019ల జాబ్ బంద్ చేసిండు, పైసలెక్కడ పెట్టాల్నో ఆయన జూసుకుంటడు, నేను ఖర్చు లెక్క రాస్త. లాంగ్ నోట్‌బుక్‌ల రోజూ రాసుడే, ఇప్పుడు ఆరో బుక్కు నడుస్తున్నది. అందులకెంచి చెప్తున్న.

మీరు 45 అన్నరు గదా, అండ్ల సగం ఖర్చులు మీరనుకున్నట్టే తగ్గుతయి. పెట్రోలు తగ్గింది, బయట తిండి తగ్గింది, ఆఫీసు బట్టలు లేవు, నేనైతే బస్సుకు పైసా పెడ్తలేను, ఆడోళ్ళకు ఫ్రీ అయినంక (మీ ఆంధ్రల గూడ 2025 ఆగస్టు నుంచి ఇచ్చిన్రు). ఎండుమిర్చి, చింతపండు ఎండాకాలంల ఏడాదికి సరిపడ కొంటం, మిర్చికి ఏనుమాముల మార్కెట్ దగ్గరనే గదా మాకు. కందులు కొత్తపంట వచ్చినప్పుడు తీస్కొని పప్పు ఆడిపిస్తం. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టినం, 78 వేలు సబ్సిడీ వచ్చింది, కరెంటు బిల్లు అంటే ఇప్పుడు నామ్‌కేవాస్తే.

గని ఒకటి మాత్రం మేం అస్సలు అనుకోలే. సొంతూర్ల ఉంటే పిలుపులు! పట్నంల ఉన్నప్పుడు రాలేకపోయినం అంటే ఎవలేమనరు, ఇక్కడ "ఖాళీగనే ఉన్నరు గదా" అంటరు. మొన్నటి ఏడాది బుక్కుల లెక్క జూస్తే పెండ్లిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీ ఫంక్షన్లు అన్నీ కలిపి 31. చదివింపులు 1,116కు తగ్గితే బాగుండది, దగ్గరోళ్ళకు 5,116, చీరలు వేరే, పోనురాను చార్జీలు వేరే. మొత్తం 87 వేలు పడ్డది! కూరగాయలకు సాలంత 40 వేలు గూడ పెట్టలే మేము. ఇగ చేబదులు అడిగెటోళ్ళ సంగతి ఆ బుక్కులనే వేరే పేజీ ఉన్నది, వాపస్ వచ్చింది ఎర్రపెన్నుతోని రాస్త, ఎర్రపెన్ను ఇప్పటిదాకా కొత్తగనే ఉన్నది.

ఇంకోటి, హెల్త్ ఇన్సూరెన్స్ రాజీనామ పెట్టకముందే సొంతంగ తీస్కోండ్రి. కంపెనీ పాలసీ లాస్ట్ డేతోని అయిపోతది. బీపీ షుగర్ ఉంటే కొత్త పాలసీల వాటి క్లెయిమ్‌లకు మూడేండ్ల దాక ఆగమనొచ్చు, ఆ మూడేండ్లు నౌకరిల ఉండంగనే గడిస్తే మంచిది. మా ఆయన బంద్ చేసినంక తీస్కున్నడు, ఏడాదిన్నరకు స్టెంట్ పడ్డది, చేతిలకెంచి పెట్టినం.

సున్నా_సున్నా_ఏడుశాతం:

గోదారిగట్టు గారితో ఒక్క దగ్గర ఒప్పుకోను. ఆయన రోగం బాగా చెప్పారు, మందు మాత్రం మళ్ళీ వడ్డీ స్కీములే ఇచ్చారు. ధరలతో పాటు పెరిగేది ఆ లిస్టులో ఒక్కటీ లేదు.

మీ అసలు లెక్క ఇది. ఏడాది ఖర్చు 5.4 లక్షలు. ఫ్లాట్ అద్దె 21 వేలంటే మెయింటెనెన్సు, ఆస్తి పన్ను, మధ్యలో ఓ నెల ఖాళీ, సున్నాలు, ప్లంబరు అన్నీ పోను 17 వేలు అనుకోండి, ఏడాదికి 2 లక్షలు. అంటే డబ్బులోంచి తియ్యాల్సింది 3.4 లక్షలు. పాప ఇంజినీరింగ్‌కి 20 లక్షలు పక్కన పెట్టెయ్యండి, అది మీది కాదు. మిగిలిన 95 లక్షల్లో 3.4 అంటే మూడున్నర శాతం చిల్లర. అమెరికాలో బెంగెన్ అనే ఆయన 1994లో, మొదటి ఏడాది ఉన్నదాంట్లో 4 శాతం తీసుకుని ఆ తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోయినా డబ్బు అయిపోదు అన్నది వాళ్ళ మార్కెట్ల లెక్కతో, 30 ఏళ్ళకి. మీకు 40 ఏళ్ళు కావాలి కాబట్టి మూడున్నర అంటే గట్టు మీదున్నారు, దూకొచ్చు గానీ ఈత రావాలి.

ఫండ్స్ 38 లక్షలు అమ్మి ఎఫ్‌డీ చేస్తానన్నారు చూడండి, అదే వద్దు. నాలుగేళ్ళకి సరిపడా, ఓ 14 లక్షలు, ఎఫ్‌డీలోనో ఎమ్ఐఎస్‌లోనో ఉంటే మార్కెట్ పడ్డప్పుడు అమ్ముకోవాల్సిన ఖర్మ పట్టదు. 2020 జనవరిలో సెన్సెక్స్ 42 వేలు, మార్చి 23కి 26 వేలు. ఆ నెలలో ఇంటిఖర్చుకి యూనిట్లు అమ్మినవాడు పోయాడు, ఎఫ్‌డీ తిన్నవాడు ఏడాది తిరక్కుండానే బయటపడ్డాడు. బాగా పెరిగిన ఏడాది కొంచెం అమ్మి ఎఫ్‌డీ నింపుకోండి, ఏడాదికి లక్షా పాతికవేల లాభం దాకా టాక్స్ లేదు, ఆ పైన 12.5 శాతం. డివిడెండ్ ఆప్షన్ జోలికి పోవద్దు, అది మన జేబులోంచి తీసి మనకే ఇవ్వడం.

గోదారిగట్టు:

ఏడుశాతం గారూ, మీ వయసెంతో నాకు తెలీదు గానీ జీతం వస్తూ 42 నుంచి 26కి పడటం చూడ్డం వేరు, జీతం లేకుండా చూడ్డం వేరు. అప్పుడు నాకు ఫండ్స్‌లో ఉన్నదల్లా 6 లక్షలే, దానికే రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూసుకునేవాణ్ణి. చెప్పింది రైటే, కాదనను. కాకపోతే ఫండ్స్‌లో ఇప్పుడున్న మూడోవంతు దాటొద్దనండి.

మూడో_అంతస్తు:

అందరికీ థాంక్స్. మా ఆవిడ ఇదంతా చదివి వదిన గారి పోస్టు దగ్గర ఆగిపోయింది, మా లెక్కలో చదివింపులు అన్న లైనే లేదు. బావమరిదికి చెల్లు సంగతి చెప్పా, వాడికీ తెలీదట, ఇప్పుడు తన నోట్లు తీసి తారీకులు చూసుకుంటున్నాడు. ఫండ్స్ కదపను, పీఎఫ్ కూడా. హెల్త్ పాలసీ ఈ వారమే తీసుకుంటున్నా, నాకు బీపీ ఉంది, అంటే ఉద్యోగం ఇంకో రెండు మూడేళ్ళు లాగాలేమో, అది మాత్రం మింగుడుపడట్లేదు. అమ్మ పేరు మీద పెట్టే సంగతి చెల్లిని కూర్చోబెట్టి మాట్లాడాకే. ఈలోపు హైదరాబాద్‌లోనే ఉండి ఆర్నెల్లు అచ్చం 45 వేలతో బతికి చూద్దామనుకుంటున్నాం, మిగతా జీతం వేరే అకౌంట్‌లోకి పోయేలా పెట్టేశా. వచ్చే నెల నుంచే.

ఓరుగల్లు_వదిన:

వచ్చే నెల ఆషాఢం అన్నా, పెండ్లిళ్ళే ఉండయి. శ్రావణం నుంచి రాయుండ్రి.